తెర ఎత్తే పిల్ల

మొన్న ఆదివారం మా మనవరాలు తన కారు వెనక అద్దాలకు నల్లటి జాలీ తెరలు తగిలించింది. వాటికి మూలల్లో రబ్బరు మూతుల్లాంటివి ఉంటాయి, అద్దానికి అదిమితే అతుక్కుంటాయి. తన పసిదాని కళ్లలో ఎండ పడుతోందట. నన్ను పసిదాని పక్కన కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తలుపు వేసింది. సిడ్నీలోని మా క్వేకర్స్ హిల్ వీధి కనపడవలసిన చోట నల్లటి మసక కనిపించింది. చెయ్యి చాపి ఆ తెరను పట్టుకుని ఒక్క లాగు లాగాను. "అమ్మమ్మా, ఇట్స్ జస్ట్ ఫర్ ద సన్," అంది మనవరాలు, ముందు అద్దంలోంచి నన్ను చూస్తూ. "ఎండ పడితే పడనీ, టోపీ పెట్టు," అని రెండోది కూడా ఊడబీకి నా సంచిలో వేసుకున్నాను. ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదు, ఇచ్చే ఉద్దేశం కూడా లేదు. దానికి తెలుగు కొంచెం అర్థమవుతుంది, నా మొండితనం పూర్తిగా అర్థమవుతుంది, అందుకని బండి పోనిచ్చింది. దారి పొడుగునా పసిది కళ్లు చికిలించుకుని చెట్లనూ బస్సులనూ కుక్కలనూ చూసింది. నాకు మాత్రం మా వదినగారు కనిపించారు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. అయినా తెర అన్న మాట వస్తే ఇప్పటికీ అందరికన్నా ముందు ఆవిడే వస్తారు. ఎప్పుడూ ముందు నడవడం అలవాటైన మనిషి.

మా అన్నయ్యగారు గోదావరి అవతల ఒక చిన్న సంస్థానానికి రాజా. సంస్థానం అనగానే ఇక్కడి పిల్లలు ఏనుగులనూ ఫిరంగులనూ ఊహించుకుంటారు. మాకు ఏనుగు లేదు. ఉన్న ఒక్క ఫిరంగిలో పావురాలు గుడ్లు పెట్టేవి. నాకు పెళ్లీడు వచ్చేనాటికే జమీందారీలు రద్దయిపోయాయి, కానీ ఆ సంగతి రాణీవాసం దాకా ఎవరూ మోసుకొచ్చినట్టు లేదు. వదినగారు నిద్ర లేచారని కోట గుమ్మంలో ఒకడు రోజూ శంఖం ఊదేవాడు. వినడానికి రాజ్యం లేదు, పక్క సందులో కోళ్లు మాత్రం ఉలిక్కిపడేవి. దసరాకి కొలువు తీరేది. గుమస్తాలుగా మిగిలిన ఇద్దరు ముగ్గురు, ఎక్కడికీ పోలేని దాసీలు, పాత రైతుల్లో మర్యాదస్తులు వచ్చి దండాలు పెట్టి పులిహోర తిని వెళ్లేవారు. వదినగారు వెండి పీట మీద కూర్చుని వాళ్లకు తాంబూలాలు ఇచ్చేవారు. ఆ తాంబూలం ఆవిడ చేతికి అందించేది నేను.

రాజాగారి చెల్లెలికి పెళ్లి కాకపోతే దివాణంలో ఒక ఉద్యోగం ఉంటుంది. దానికి పేరు లేదు, సెలవు లేదు. రాణీగారికి ఎడమ పక్కన, ఒక అడుగు వెనక్కి, ఒక బెత్తెడు తక్కువ ఎత్తు పీట మీద కూర్చోవాలి. తాంబూలం పెట్టె ఒళ్లో ఉండాలి. ఆవిడ వెనక్కి చూడకుండా చెయ్యి మాత్రం చాపుతారు, ఆ చేతిలో ఆకుచుట్ట పెట్టాలి. ఆవిడకు వచ్చిన వంటకం ముందు మనం రుచి చూసి ఉప్పు సరిపోయిందని చెప్పాలి. వారపత్రికలో సీరియల్ పైకి చదివి వినిపించాలి. కథలో పెళ్లి దగ్గర పడిందంటే "ఇవాళ్టికి చాలు" అనేవారు ఆవిడ, అలా నేను ఎన్ని కథల్లో పెళ్లి భోజనాలు పోగొట్టుకున్నానో చెప్పలేను. మధ్యాహ్నాలు పచ్చీసు ఆడాలి, ఆడి ఓడిపోవాలి. గవ్వలు నాకు బాగా పడిన రోజున ఆవిడకు తలనొప్పి వచ్చేది, శొంఠి అరగదీసి పట్టు వేయడం కూడా మళ్లీ నా పనే. ఇంతటి కొలువుకీ నాకు దక్కిన బిరుదు 'చిన్నమ్మాయిగారు'. జుట్టు నెరిశాక కూడా నేను చిన్నమ్మాయిగారినే. పెళ్లయితే అమ్మగారినయ్యేదాన్ని.

మాది ఘోషా కుటుంబం. ఆడవాళ్లం పరాయి మగవాళ్ల కంట పడకూడదు, మా గొంతు వాళ్ల చెవిన పడకూడదు. గుడికి వెళ్లాలన్నా కారును రాణీవాసం గుమ్మానికి ఆనించి నిలిపేవారు, అటూ ఇటూ దాసీలు దుప్పట్లు పట్టుకునేవారు, ఆ సందులోంచి మేము లోపలికి దూరేవాళ్లం. కారు వెనక భాగమంతా ముదురు ఎరుపు మఖమలు తెరలు. డ్రైవరుకీ మాకూ మధ్య కూడా ఒకటి. డ్రైవరుతో మాట్లాడకూడదు గనక లోపల ఒక చిన్న ఇత్తడి గంట ఉండేది. ఒకసారి మోగిస్తే ఆపాలి, రెండుసార్లు మోగిస్తే పోనివ్వాలి. గంట ఎప్పుడూ వదినగారి ఒళ్లోనే. ఇక లోకమంతా మాకు చప్పుళ్లూ వాసనలే. బెల్లం కాచే వాసన వస్తే ఒక ఊరు దాటామని, ఎండుచేపల వాసన వస్తే ఏటి ఒడ్డుకు వచ్చామని లెక్క. ఆ జిల్లాలో పుట్టి పెరిగాను గానీ ఆ జిల్లాను నేను ముక్కుతోనే చూశాను.

నాకు ఒకే ఒక్క సంబంధం వచ్చింది. మాలాంటిదే మరో సంస్థానం, ఆ ఇంటి రెండో అబ్బాయి, మద్రాసులో ఇంజనీరింగు చదువుకున్నాడు. అబ్బాయి వచ్చి పిల్లను చూసే ఆచారం మాలో లేదు. తల్లి వస్తుంది, చూస్తుంది, వెళ్లి చెబుతుంది. ఆవిడ ఇంకా రాలేదు, వస్తారన్న కబురు వచ్చింది, అంతే. ఆ రోజుల్లోనే ఒకనాడు మేము గుడి నుంచి వస్తుంటే దారిలో రైలు గేటు పడింది. మండుటెండ, లోపల మఖమలు ఉడుకు, వదినగారు తల వాల్చి కళ్లు మూసుకున్నారు. బయట ఎవరో కాల్చిన మొక్కజొన్న పొత్తులు అమ్ముతున్నారు, ఆ వాసన తెర లోపలికి వచ్చేసింది. నేను రెండు వేళ్లతో తెర అంచు ఎత్తాను. గేటు దగ్గర ఇంకో కారు ఆగి ఉంది, దానికి ఆనుకుని ఒక కుర్రాడు పొత్తు తింటున్నాడు. అతను చూశాడు, నేను చూశాను. అతను నమలడం ఆపేశాడు. రైలు వెళ్లిపోయింది, నేను తెర వదిలేశాను. నా జీవితంలో జరిగిన ప్రేమకథ అంతా ఇదే, ఇందులో నాకు వాసన తప్ప ఇంకేమీ దక్కలేదు.

తర్వాత ఆ తల్లి వచ్చారు. నా గడ్డం పట్టుకుని చూసి నవ్వారు. "మావాడు మీ కారును గేటు దగ్గర చూశాట్ట, అప్పట్నుంచీ ఇంట్లో ఒకటే తొందర పెడుతున్నాడు," అన్నారు. అతనే ఇతనని నాకు అప్పుడు తెలిసింది. ఒంట్లో ఏదో వెలిగినట్టయింది, కాదనను. నన్ను లోపలికి పంపి ఆవిడ వదినగారిని ఆఖరి మాట అడిగారు, మా వదినగారు ఏమంటే అదే మా ఇంటి మాట. మజ్జిగ తీసుకెళ్లిన దాసి ఆ మాట విని ఏడుపు మొహంతో వచ్చి నాకు చెప్పింది. వదినగారు అన్నది ఇంతే. "పిల్ల బంగారం. కాకపోతే, తెర ఎత్తే పిల్ల." ఆ మాటలో అబద్ధం లేదు, దాని విషమంతా అందులోనే ఉంది. కళ్లు మూసుకుని ఆవిడ అంతా చూశారన్నమాట. ఆ తల్లి మజ్జిగ తాగకుండా లేచి వెళ్లారు. తొలకరి పడేలోగా ఆ అబ్బాయికి వేరే చోట పెళ్లయింది, ఆ మాట చుట్టుపక్కల కోటలన్నీ తిరిగింది, మా గుమ్మంలోకి మళ్లీ సంబంధం రాలేదు. ఆ సాయంత్రం వదినగారు ఏమీ జరగనట్టు పచ్చీసు గుడ్డ పరిపించారు. నేను కూర్చున్నాను, ఆడాను, ఓడిపోయాను. ఆ రోజే అనుకున్నాను, ఈవిడకు ఈ మాట నేను తిరిగి అప్పగించకుండా పోను అని. దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు కూడా అదే అనుకునేదాన్ని, మా ఇలవేల్పుకు నా దగ్గర అంతకు మించి వినడానికి ఏమీ ఉండేది కాదు.

కాలం గడిచింది. అన్నయ్యగారు పోయారు, కోటలో గదులు ఒక్కొక్కటే గబ్బిలాలకు వెళ్లిపోయాయి. నా చిన్నన్నయ్యకు భార్య పోతే ఆ పసిపిల్లను నేనే పెంచాను. నాకు దివాణంలో ఊపిరి పోసింది ఆ పిల్లే. అది కంప్యూటర్లు చదివి, పెళ్లి చేసుకుని, సిడ్నీ వచ్చి, ఇద్దరు పిల్లలు పుట్టాక నన్ను పిలిపించుకుంది. మొన్న తెరలు తగిలించిన మనవరాలు ఆ ఇద్దరిలో ఒకతి. రెండువేల సంవత్సరం వస్తోందంటే లోకమంతా గుండెలు బాదుకుంటున్న రోజులవి. కంప్యూటర్లకు ఆ ఏడు అర్థం కాదట, మళ్లీ వెనకటి వందేళ్ల దగ్గరకు వెళ్లిపోతాయట, ఆ లోపలే వాటిని బాగుచెయ్యాలి. నా మేనకోడలూ దాని మొగుడూ పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవారు. పిల్లల్ని బడికి ఎవరు తీసుకెళ్లాలి, ఈత క్లాసుకి ఎవరు తీసుకెళ్లాలి? ఈ ఊళ్లో కారు లేకపోతే కొత్తిమీర కట్ట కూడా దొరకదు. "అత్తా, నువ్వు డ్రైవింగ్ నేర్చుకో," అంది నా మేనకోడలు ఒకనాడు, పప్పులో ఉప్పు వెయ్యి అన్నంత తేలిగ్గా. నాకు అరవై దాటాయి. స్టీరింగు ఎదురుగా అద్దం ఎంత పెద్దదో అప్పటిదాకా నాకు తెలియదు.

నాకు నేర్పినాయన దగ్గర్లోని గిరావీన్ పేటలో ఉండే హైదరాబాదీ పెద్దమనిషి, ఊళ్లో అందరికీ అంకుల్. దేశం నుంచి వచ్చిన ఆడవాళ్లందరికీ ఆయనే డ్రైవింగు గురువు. "అమ్మా, పహెలే అద్దం చూడుండ్రి, ఫిర్ సిగ్నల్ ఎయ్యుండ్రి, ఫిర్ చలో. డర్ నక్కో," అనేవారు. నేను మొదటి రోజంతా ఎదుటి అద్దంలోంచి ఊరు చూస్తూ బండి కదిలించలేదు. ఆయన, "చూసుడు అయినంక చెప్పుండ్రి," అని కళ్లు మూసుకుని జపమాల లాంటి తస్బీ తిప్పుకున్నారు. ఒకసారి ఫెయిలయి రెండోసారి పాసయ్యాను. కొత్త డ్రైవర్లు కారుకు ముందూ వెనకా ఎర్ర 'పి' అక్షరం తగిలించుకోవాలి. పక్కన ఆగిన కార్లలో పద్దెనిమిదేళ్ల పిల్లలు అదే అక్షరం తగిలించుకుని, చీరలో ఉన్న నన్ను చూసి బొటనవేలు ఎత్తేవారు. నేనూ ఎత్తేదాన్ని. కిటికీ అద్దం పూర్తిగా దించి, జుట్టు చెదిరిపోతున్నా సరే, అలాగే నడిపేదాన్ని.

అలాంటి సమయంలో వదినగారు దిగారు. ఆవిడ కొడుకు, అంటే నా మేనల్లుడు, కోటలో చినబాబుగారు, ఇక్కడ మామూలు కాంట్రాక్టరు. అతను కూడా ఆ కంప్యూటర్ల పనికే వచ్చి గిరావీన్‌లో రెండు గదుల యూనిట్, అంటే ఫ్లాటు, అద్దెకు తీసుకుని, అమ్మను రప్పించుకున్నాడు. ఆ రోజుల్లో గిరావీన్‌లో ఏ మెట్లు ఎక్కినా తెలుగు కుర్రాళ్లే. ఒక రాణీగారు వచ్చారనేసరికి వాళ్లకు పండగైపోయింది. శనివారం ఆర్వో, అంటే ఇక్కడివాళ్ల మాటలో మధ్యాహ్నం, వచ్చిందంటే కుర్రాళ్లు స్నానాలు చేసి, చొక్కాలు ఇస్త్రీ చేసుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, కార్పెట్ మీద బాసింపట్లు వేసుకుని కూర్చునేవారు. వదినగారు సోఫా మధ్యలో. ఆవిడ వాళ్ల ఇంటిపేర్లు అడిగి, తాతలెవరో విచారించి, తాంబూలాలు ఇచ్చేవారు. పాత కాలమే ఇంకా నడుస్తోందని భ్రమపడే యంత్రాలను బాగుచెయ్యడం ఆ కుర్రాళ్ల ఉద్యోగం. మా వదినగారి దగ్గర మాత్రం వాళ్లే చేతులు కట్టుకుని కూర్చునేవారు.

మొదటి శనివారం నేను చూడటానికి వెళ్లాను. ఆవిడ కుశలం అడగలేదు. సోఫా వెనక ఎడమ పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు వేసి ఉంది, వంటింట్లో పై అరలు అందుకోవడానికి వాడే స్టూలు. ఆవిడ దానివైపు చూశారు. నేను వెళ్లి కూర్చున్నాను. ఆవిడ వెనక్కి తిరగకుండా చెయ్యి చాపారు. నేను ఆకుచుట్ట పెట్టాను. ఎందుకు పెట్టావని మా మేనకోడలు ఆ రాత్రి కసిరింది. ఏం చెప్పను, చెయ్యికి తెలిసిన పని అది, బుర్రను అడగదు. అయితే కుర్రాళ్లు వెళ్లాక ఆవిడ పచ్చీసు గుడ్డ తీయించారు, ఆ ఆటలో మాత్రం నేను జాలిపడలేదు. "వదినగారూ, మీ కాయ చచ్చింది," అన్నాను. బతుకులో మొదటిసారి ఆ మాట నా నోట విని ఆవిడ గవ్వలు గుడ్డ మీద పెట్టేశారు. తర్వాత తలనొప్పి అన్నారు. "మందుల పెట్టెలో మాత్రలుంటాయి, వేసుకోండి," అని బండెక్కి వచ్చేశాను. ఇంటిదాకా పాడుకుంటూ వచ్చాను.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. దసరా ముందు మా మేనకోడలి పెరట్లో బార్బీ పెట్టారు, అదే నిప్పుల మీద కాల్చుకు తినే విందు. మా మేనకోడలి మొగుడు పొగలో నిలబడి కోడి ముక్కలు తిప్పుతున్నాడు. మేనల్లుడు ప్లేటు పట్టుకుని వచ్చి నాతో కాకుండా అతనితో అన్నాడు, "బావా, వర్క్‌లో డెడ్‌లైన్స్ టైట్‌గా ఉన్నాయి. అమ్మ రోజంతా అలోన్‌గా ఉంటోంది. మీ పిల్లలు ఎలాగూ పెద్దోళ్లవుతున్నారు, అత్త మా యూనిట్‌కి షిఫ్ట్ అయిపోతే ఎవ్రీవన్ ఈజ్ హ్యాపీ కదా." అతను పటకారు ఆపి ఆలోచించి, "మేక్స్ సెన్స్," అన్నాడు. వదినగారు ప్లాస్టిక్ కుర్చీలోంచి, "చిన్నమ్మాయికి సామానేముంటుంది, ఒక పెట్టె. దసరా కొలువయ్యాక తెచ్చేసుకుందాం," అన్నారు. మా మేనకోడలు నావైపు చూసింది, మొగుడి ఎదుట ఏమీ అనలేకపోయింది. నన్ను ఎవరూ అడగలేదు. పెళ్లికాని ఆడదాన్ని ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి మార్చడానికి దాన్నే అడగాలని ఎవరికి తోస్తుంది, బీరువాను అడుగుతారా? నా కారు తాళాలు నా కొంగున ముడి వేసి ఉన్నాయి. పళ్లెంలో ముక్క చల్లారిపోయేదాకా వాటిని పట్టుకుని కూర్చున్నాను. మళ్లీ ఆ స్టూలు, ఆ పెట్టె, ఆ చాపిన చెయ్యి, చచ్చేదాకా. అప్పుడు నాకు పుట్టిన కోపం ఆ రైలు గేటు నాటిది, ఇన్నేళ్లూ ఎక్కడా తగ్గకుండా అలాగే ఉంది.

విజయదశమి నాడు విండ్సర్ వైపు ఒక బడి హాలులో తెలుగువాళ్లంతా చేరుతున్నారు. వదినగారికి వేదిక మీద శాలువా కప్పుతారు, ఆవిడ తాంబూలాలిస్తారు, వెనక నేను. అదీ ఏర్పాటు. మేనల్లుడు కుర్చీలు సర్దడానికి ముందే వెళ్లిపోయాడు, ఆవిడను తీసుకువచ్చే పని నాది. నేను వెళ్లేసరికి ఆవిడ రెండు పెద్ద బీచ్ తువ్వాళ్లు చేత్తో పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఒకదాని మీద కంగారూ బొమ్మ, ఇంకోదాని మీద కెరటాలు. "పండగపూట కొలువుకు వెళ్తూ దారిలో వాళ్లూ వీళ్లూ చూడటం నాకు కిట్టదు," అన్నారు. వెనక కిటికీల్లో తువ్వాళ్లు ఇరికించి అద్దాలు పైకెత్తాను. ముందు సీట్లకూ వెనకకూ మధ్య ఆవిడ తన శాలువా ఒకటి అడ్డం కట్టించారు. కూర్చున్నాక సంచిలోంచి ఒకటి తీశారు. ఆ ఇత్తడి గంట. సముద్రాలు దాటి తెచ్చుకున్నారు. రెండుసార్లు మోగించారు.

నేను పోనిచ్చాను. ముందే అనుకుని వెళ్లానని చెప్పను, అనుకోలేదనీ చెప్పను. రివర్‌స్టోన్ దగ్గర రైలు పట్టాలు రోడ్డును అడ్డంగా దాటుతాయి. నా ఎదుటే ఎర్ర దీపాలు వెలిగి గేటు పడింది. వెనక నుంచి చడీచప్పుడూ లేదు. రైలు వచ్చింది, కిటికీల్లో మొహాలు ఒకదాని వెంట ఒకటి పోయాయి, ఎదుటి అద్దంలోంచి నేను వాటన్నిటినీ చూశాను. గేటు లేచింది. లోపల రెండుసార్లు గంట మోగింది. పట్టాలు దాటించాను, దాటించి ఎడమ పక్కన ఒక చెట్టు నీడలో, చిప్స్ అమ్మే కొట్టు ముందు బండి ఆపేశాను. ముందు కిటికీలు దించే ఉంచాను, తలుపులకు తాళం వెయ్యలేదు. దిగి వెళ్లి వేడి చిప్స్ కొనుక్కుని, కారు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను.

గంట రెండుసార్లు మోగింది. నేను ఒక ముక్క తిన్నాను. మళ్లీ మోగింది. కాస్త ఆగి మళ్లీ, ఈసారి విసురుగా. కుక్కను నడిపిస్తున్న ఒక ముసలాయన ఆగి కారువైపూ నావైపూ చూసి, "వాట్ హావ్ యూ గాట్ ఇన్ దేర్, లవ్?" అని అడిగాడు. "మై క్వీన్," అన్నాను. పిల్లి అనుకున్నాడో ఏమో, నవ్వి వెళ్లిపోయాడు. వదినగారు నన్ను పిలవరని నాకు తెలుసు. రోడ్డు మీద గొంతెత్తడం ఆవిడకు రాదు, గంట తప్ప ఇంకో భాష లేదు. తలుపు ఎలా తెరవాలో కూడా తెలియదు, ఆవిడకు జన్మలో ఎప్పుడూ ఇంకొకరే తెరిచారు. చిప్స్ అడుగున ఉప్పు తేలేదాకా నేను తిన్నాను. అప్పుడు కంగారూ తువ్వాలు అంచు కదిలింది. రెండు వేళ్లు కనిపించాయి, ముసలి వేళ్లు, కెంపు ఉంగరంతో సహా. వాటి మధ్య ఒక కన్ను. ఆ కంటికి ఏం కనిపించిందో నేను ఊహించగలను. నెత్తిన కొంగు లేకుండా, కాళ్లు చాపుకుని, నడిరోడ్డు పక్కన వేళ్లు నాకుతున్న చిన్నమ్మాయిగారు.

లేచి వెళ్లి ముందు కిటికీలోంచి లోపలికి వంగి, అడ్డం కట్టిన శాలువా పక్కకు తప్పించాను.

"చూశాను వదినగారూ."

"ఏం చూశావు?"

"మీరు తెర ఎత్తడం. ఇక మీకు సంబంధాలు రావు."

ఆవిడకు మాట వెంటనే అర్థమయింది. మర్చిపోయి ఉంటే అర్థమయ్యేది కాదు. నేను అన్నేళ్లు మోసినదాన్ని ఆవిడ కూడా ఎక్కడో దాచుకునే ఉన్నారు. చేతిలో గంట ఒకసారి దానంతటదే మోగి ఆగింది.

"ఇంతకాలం మనసులో పెట్టుకున్నావా?" అన్నారు.

"ఇంకెక్కడ పెట్టుకోను? నాకు సామాను ఒక పెట్టే కదా."

ఆవిడ తువ్వాలు సర్దుకోలేదు. బయటికే చూస్తున్నారు, కొట్టువైపు, అక్కడ చిప్స్ కొనుక్కుంటున్న పిల్లలవైపు. "ఎందుకన్నారో చెప్పండి. చెబితే బండి తీస్తాను," అన్నాను. అంత మర్యాదగా నేను ఎవరినీ బెదిరించలేదు.

"నువ్వు వెళ్లిపోతే నా వెనక ఎవరు కూర్చుంటారు?" అన్నారు ఆవిడ. అందులో తప్పేముందన్నట్టే అన్నారు.

అది విన్నాక నా కోపం కరగాలి. పత్రికల్లో నేను ఆవిడకు చదివి వినిపించిన కథలన్నిటిలో అలాంటి చోట కరిగేది. నాకు కరగలేదు. పైగా హాయిగా ఉంది, ఎందుకంటే ఆవిడ నన్ను చెడ్డదాన్నని అనుకుని ఆ మాట అనలేదు, కుర్చీకి వీపు ఊడిపోతుందని అన్నారు. నా బతుకు ఖరీదు ఒక ఆకుచుట్ట అందించడం. అంత చిన్న కారణానికి పెద్ద మనసు చేసుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు. "అయితే ఇవాళ్టి నుంచి ఎవరూ కూర్చోరు," అని చెప్పి, స్టీరింగు ముందు కూర్చుని, అద్దం చూసి, సిగ్నల్ వేసి, పోనిచ్చాను. వెనక నుంచి గంట మోగలేదు.

హాలు ముందు దండలు పట్టుకుని జనం ఎదురుచూస్తున్నారు. మేనల్లుడు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటత్తా ఇంత లేట్, అందరూ వెయిట్ చేస్తున్నారు." నేను దిగి వెనక తలుపు తెరిచి, తాంబూలం పెట్టె తీసి వదినగారి చేతుల్లో పెట్టాను. ఆవిడ ఆ పెట్టెను మొయ్యడం నేను అంతకుముందు చూడలేదు, ఎక్కడ పట్టుకోవాలో తెలియక కిందా పైనా తడుముకున్నారు.

"నువ్వు రావా?" అన్నారు మెల్లగా.

"డ్రైవరు లోపలికి రాకూడదు కదా, వదినగారూ. మన ఆచారం," అన్నాను, వినవలసినవాళ్లంతా వినేలా.

మేనల్లుడు, "అత్తా, వాట్ ఈజ్ దిస్?" అన్నాడు. ఆవిడే అతన్ని చేత్తో ఆపి, పెట్టె గుండెకు అదుముకుని లోపలికి నడిచారు. వేదిక మీద ఏం జరిగిందో తర్వాత మా మేనకోడలు చెప్పింది. శాలువా కప్పారట. తాంబూలాల వేళ ఆవిడ ముందుకు చూస్తూనే ఎడమ చెయ్యి వెనక్కి చాపారట. కాసేపు అలాగే ఉంచారట. తర్వాత మళ్లీ చాపారట. చివరికి ఒక కుర్రాడు ఆవిడ మైకు అడుగుతున్నారనుకుని అది అందించబోయాడట. ఇది వింటున్నప్పుడు నాకు కలిగిన తృప్తి గురించి నేను అబద్ధం చెప్పను. పెళ్లిపీటల మీద కూర్చున్న ఏ ఆడదానికీ అంత తృప్తి కలిగి ఉండదు. ఆ సాయంత్రం లోపల పాటలు నడుస్తుంటే నేను కారులో కూర్చుని, తువ్వాళ్లు పీకి మడతపెట్టి, నాలుగు వైపులా అద్దాలు దించి, పూసిన జాకరండా చెట్టునూ దాని కింద ఊదారంగు పడిన కార్లనూ చూస్తూ ఉన్నాను.

మర్నాడు మేనల్లుడు ఫోను చేశాడు. షిఫ్ట్ అయ్యే సంగతి అమ్మే వద్దందట. "చిన్నమ్మాయి బండి సరిగ్గా నడపదు, అక్కడే ఉండనీ," అన్నారట. ఓడిపోయినా ఆ మాట దొరతనంగానే అన్నారు, దానికి మాత్రం మెచ్చుకుంటాను. "అసలేం జరిగింది అత్తా?" అని మా మేనకోడలు నిలదీసింది. "దారిలో గేటు పడింది," అన్నాను. అది "గుడ్," అని లాప్‌టాప్ మూసేసి టీ పెట్టింది.

రెండువేల సంవత్సరం చప్పుడు చేయకుండా వచ్చేసింది. ఏ కంప్యూటరూ వెనక్కి పోలేదు. కాంట్రాక్టులు అయిపోయాయి, గిరావీన్ కుర్రాళ్లు తలో ఊరికీ వెళ్లిపోయారు, ఒకడు టూవూంబాలో యూని, అదే యూనివర్సిటీ, ఉద్యోగానికి కూడా వెళ్లాడు. శనివారాలు వదినగారి కార్పెట్ మీద కూర్చునేవాళ్లు తగ్గి తగ్గి ఎవరూ లేకుండా పోయారు. మొదటి కొలువు పోయినప్పుడు ఆవిడకు ఎవరూ చెప్పలేదు, రెండోది పోవడం ఆవిడే చూశారు. నేను పండగలకు వెళ్లేదాన్ని, ఎదురుగా కుర్చీలో కూర్చునేదాన్ని, పచ్చీసులో ఓడించి వచ్చేదాన్ని. ఆ గేటు సంగతి మా ఇద్దరి మధ్య మళ్లీ రాలేదు. ఆవిడ క్షమాపణ అడగలేదు, నేను ఇవ్వలేదు. చివర్లో ఆవిడకు చూపు మందగించింది. అప్పుడు గవ్వలు ఎన్ని పడ్డాయో నేనే చెప్పేదాన్ని, ఉన్నవి ఉన్నట్టే చెప్పేదాన్ని, ఆవిడ నమ్మేవారు కాదు.

ఆవిడ పోయినప్పుడు ఇక్కడి పద్ధతిలోనే తీసుకెళ్లారు. ఈ దేశంలో శవాన్ని తీసుకెళ్లే కారుకు తెరలుండవు, చుట్టూ పెద్ద పెద్ద అద్దాలు, పూలూ పేటికా అన్నీ రోడ్డున పోయేవాళ్లకు కనిపిస్తాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బస్సులో వాళ్లు, సైకిలు కుర్రాడు, ఐస్‌క్రీమ్ తింటున్న పిల్ల, అందరూ తలతిప్పి చూశారు. ఆవిడ కారు వెనక నా కారు. మళ్లీ ఆవిడ ముందూ నేను వెనకా. ఘోషా రాణీగారిని ఊరంతా చూస్తోందని నాకు లోపల నవ్వొచ్చింది, నవ్వాను కూడా. పక్కన మా మేనకోడలు అది ఏడుపనుకుని నా చెయ్యి నొక్కింది. కార్యక్రమాలయ్యాక మేనల్లుడు ఆ ఇత్తడి గంట నాకివ్వబోయాడు. వద్దన్నాను.

పోయినేడు నా లైసెన్సు నేనే తిరిగి ఇచ్చేశాను. కళ్లు బాగానే ఉన్నాయి గానీ మోకాళ్లు బ్రేకు మీద మాట వినడం లేదు. అందుకని ఇప్పుడు మనవరాలు ముందు కూర్చుని నడుపుతుంది, నేను వెనక కూర్చుంటాను. మొన్న తెరలు ఊడబీకాక రివర్‌స్టోన్ మీదుగా పోయాం. ఆ గేటు ఉన్న చోటుకు వచ్చేసరికి పసిది తన రెండు చేతులూ అద్దానికి ఆనించి మొహం కూడా ఆనించింది. దాని ఊపిరికి అద్దం మసకబారింది, నేను కొంగుతో తుడిచాను. కాలం నన్ను ఎక్కడెక్కడో తిప్పి మళ్లీ వెనక సీట్లోకే తెచ్చి కూర్చోబెట్టింది, కానీ ఈసారి కిటికీ నా వైపే ఉంది.